రాశానని చెప్పిన డిస్కు

ఫైలు ఉంది. పేరుంది, తేదీ ఉంది, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు. సైజు సున్నా అని చూపిస్తోంది.

ఆ సున్నా చూడగానే ఫయాజ్‌కి సగం అర్థమైంది. రెండో డిస్కు తెరిచి చూసేసరికి మిగతా సగం కూడా అర్థమైపోయింది. అక్కడా అదే పేరు, అదే సున్నా. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని మూడేళ్ల కిందట తన చేత్తో బిగించిన డిస్కు అది. పొద్దున తెనాలిలో ప్యాసింజరు ఎక్కినప్పటి నుంచీ ఉన్న తలనొప్పి మెడలోకి దిగింది.

"ఏంటి నాయనా, కనపడిందా?" అంది వెనక నుంచి కామేశ్వరమ్మ.

2007 దసరా వెళ్లిన మర్నాడది. బాపట్లలో ఒక అద్దె ఇంటి మేడ మీది వాటా. ముందు గదిలో కిటికీ పక్కన కంప్యూటరు, దాని నెత్తిన ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు, వాడిపోయిన బంతిపూలు. పడక్కుర్చీలో వెంకటరాఘవయ్య మాస్టారు. హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక నలుగురూ చేసే పనులేవీ ఆయనకి నచ్చలేదు. డెల్టా రైతులు పొలాల్లో అనుకునే మాటలన్నిటికీ నిఘంటువు కట్టాలని కూర్చున్నాడు. చెరుకుపల్లి నుంచి రేపల్లె దాకా గట్ల వెంట తిరిగి, నాట్లు వేసే ఆడవాళ్లని, నీళ్లు కట్టే ముసలివాళ్లని కదిలించి పద్దెనిమిది వేల మాటలు కూడబెట్టాడు.

మొదట్లో చీటీల మీద రాసుకునేవాడు. కంప్యూటర్లోకి ఎక్కించేశాం కదా అని అటక మీద పడేస్తే వాటికి చెదలు పట్టింది. ఈలోగా నీటికాసులు వచ్చి చూపు మసకబారింది. ఇక ఆయన నోటితో చెప్పడం, భార్య కామేశ్వరమ్మ కూర్చుని కొట్టడం. కొత్త మాటలూ, పాత మాటలకి దిద్దుబాట్లూ, అన్నీ అలాగే ఆ ఒక్క ఫైల్లోకే. మూడేళ్లుగా ఆ ఇంట్లో జరుగుతున్న పని అదొక్కటే. ఆవిడ చెల్లెలు దుర్గాంబ రేపల్లెలోనే ఉంటుంది, రెండు గంటల ప్రయాణం. అక్కడికి వెళ్లి రావడానికి కూడా ఈ మూడేళ్లలో ఆవిడకి తీరిక చిక్కలేదు.

"నేనే నాయనా," అంది కామేశ్వరమ్మ, అడక్కుండానే. "నవమి ఘడియలు వచ్చేస్తున్నాయని మీ మాస్టారు తొందరపెట్టారు. పుస్తకాలతో పాటు దీన్నీ పూజలో పెట్టేస్తాం కదా, ఇక దశమి దాకా ముట్టుకోకూడదు. చివరి మాట కొట్టి సేవ్ నొక్కాను. సరిగ్గా ఆపాలంటే మళ్లీ ఆ బాణం గుర్తు జరపాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. ఘడియలు వచ్చాక అక్షరం ముట్టుకోవడం ఎందుకని యూపీఎస్ మీద బటను నొక్కేశాను. దశమి పొద్దున పెడితే ఇదిగో, ఇలా."

ఫయాజ్ అప్పుడు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ చేత్తో రిపేరు చేసేవాళ్లందరికీ ఒక పాడలవాటు ఉంటుంది. తప్పు ఎవరిదైనా సరే, మొదటి మాట ఎదుటివాళ్ల మీద పడేస్తారు. ముప్పై ఆరేళ్ల ఫయాజ్ కూడా అందుకు మినహాయింపు కాదు.

"అలా డైరెక్టుగా ఆపకూడదు పిన్నిగారూ. ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

ఆవిడ మొహం తెల్లబోయింది. "పోయిన రెండు దసరాలకీ ఇలాగే ఆపాను నాయనా. ఏమీ కాలేదే?"

దీనికి ఫయాజ్ దగ్గర జవాబుంది. ఉండి కూడా చెప్పలేదు. మౌస్‌ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

పడక్కుర్చీలో కదలిక వినిపించింది. మాస్టారు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భార్యని ఒక్క మాట అనలేదు. అరిచే మనిషైతే ఎంత బాగుండేదో. ఆయన అరిచే మనిషి కాదు, మాట్లాడటం మానేసే మనిషి.

"డిస్కులు రెండూ తెనాలి తీసుకెళ్లి చూస్తాను మాస్టారూ," అన్నాడు ఫయాజ్. "పైపైన పోయినట్టు కనపడుతుంది గానీ, లోపల ఎక్కడో ఉంటాయండి."

కామేశ్వరమ్మ మెట్ల దాకా వచ్చి, "కాఫీ తాగకుండా వెళ్తున్నావు నాయనా" అంది. అతను ఆగలేదు.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. డిస్కులు రెండూ తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుంటే నిద్ర రాలేదు, రంజాన్ నెలలో ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఆ రోజు మాస్టారే పిలిపించాడు. మిషను నత్తనడక నడుస్తోందని ఫిర్యాదు. అది నిజమే. మొదట్లో ఆ మిషను పెట్టినప్పుడు ఫయాజ్ దాన్ని అలాగే కట్టుదిట్టం చేశాడు. బాపట్లలో కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని వైరస్ గొడవ లేని లినక్స్ ఎక్కించి, సేవ్ నొక్కితే ప్రతి అక్షరమూ డిస్కు పలకల మీద నిజంగా పడేదాకా మిషను కదలకుండా ఉండేలా చేశాడు. ఫైలు చిన్నగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. పద్దెనిమిది వేల మాటలకి చేరేసరికి ఒక్కో సేవ్‌కి పదిహేను సెకన్లు పట్టేది. ప్రతి మాటకీ సేవ్ నొక్కాలని ఆవిడకి నేర్పిందీ ఫయాజే.

"ఆ పదిహేను సెకన్లలో తరవాత చెప్పాల్సింది మరిచిపోతున్నానయ్యా," అన్నాడు మాస్టారు. "కళ్లు ఎలాగూ పోయాయి. జ్ఞాపకం కూడా పోయేలోగా ఇది పూర్తికావాలి. కాస్త పరుగెత్తించు దీన్ని."

ఉపవాసం మధ్యాహ్నం. గొంతు ఎండిపోతోంది. ఐదింటి బండి అందుకుంటే ఇఫ్తార్ వేళకి తెనాలి చేరొచ్చు. ఫయాజ్ కూర్చుని రెండు మార్పులు చేశాడు. సేవ్ చేసింది వెంటనే రాయకుండా మెమరీలో పెట్టుకుని పది నిమిషాలకోసారి రాసేలా ఒకటి. డిస్కు కూడా తనకి అందినదాన్ని తన దగ్గరే దాచుకుని, తీరిగ్గా రాసుకునేలా ఇంకొకటి. టిఫిన్ హోటల్లో సర్వరు ఆర్డరు వంటింట్లోకి వెళ్లకముందే "వచ్చేస్తోందండి" అన్నట్టు, ఇక నుంచి ఆ మిషను రాయకముందే రాశానని చెబుతుంది. పైగా సేవ్ నొక్కినప్పుడల్లా అది ముందు పాత ఫైలుని ఖాళీ చేసి, తరవాతే మొత్తం కొత్తగా రాస్తుంది, ఆ మధ్యలో ఆపితే మిగిలేది సున్నాయే.

సేవ్ నొక్కగానే రెప్పపాటులో అయిపోయింది. మాస్టారు పిల్లాడిలా నవ్వాడు. "గుర్రమెక్కించావయ్యా ఫయాజ్!" అన్నాడు. కామేశ్వరమ్మ ఇఫ్తార్‌కని అరడజను అరటిపళ్లు పొట్లం కట్టి ఇచ్చింది.

ఇకమీదట సేవ్ అన్నంత మాత్రాన రాసేసినట్టు కాదు, పది నిమిషాలు ఆగాలి, స్విచ్ ఆపితే ప్రమాదం అన్న ఒక్క ముక్క చెప్పాలి. చెబుదామనే అనుకున్నాడు. బండికి టైమైంది. ఈసారి వచ్చినప్పుడు చెప్పొచ్చులే అనుకుని మెట్లు దిగేశాడు. ఆ తరవాత పండగ వచ్చింది, పండగ హడావిడిలో అది మరిచేపోయాడు.

రెండో డిస్కు సంగతి ఇంకా సిగ్గుచేటు. మిషను ఆన్ చేసినప్పుడల్లా మొదటి డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా రెండోదాంట్లోకి దానంతటదే ఎక్కేలా రాసిపెట్టాడు, పెద్దావిడకి గుర్తుపెట్టుకునే శ్రమ ఉండకూడదని. ఉన్నది ఉన్నట్టుగా అంటే సున్నా ఉంటే సున్నా కూడా. దశమి పొద్దున ఆవిడ నమస్కారం చేసి బటను నొక్కగానే, ఖాళీ ఫైలు వెళ్లి మంచి ఫైలు మీద కూర్చుంది. పాత నకళ్లు నాలుగు రోజులవైనా విడిగా ఉంచాలని పుస్తకం చదవక్కర్లేదు, కాస్త బుద్ధుంటే తడుతుంది. ఫయాజ్‌కి తట్టలేదు.

తెనాలి స్టేషన్లో దిగేసరికి అతనికి ఒక్క విషయం స్పష్టంగా తెలుసు. ఆవిడ స్విచ్ ఆపింది, నిజమే. కానీ రంజాన్‌కి ముందైతే అదే స్విచ్ అలాగే ఆపినా ఒక్క అక్షరం పోయేది కాదు. రెండు దసరాలు అందుకు సాక్ష్యం.

మొత్తం దొరికితే చెప్పాల్సిన అవసరమే రాదు కదా. అలా అనుకుని ఇంటికి నడిచాడు.

మర్నాటి నుంచి వేట మొదలైంది. ఫయాజ్ దుకాణం తెనాలి మార్కెట్ వెనక సందులో ఉంటుంది. వాళ్ల నాన్న అబ్దుల్ షుకూర్ అదే గదిలో రేడియోలు బాగుచేసేవాడు. ముందుగా డిస్కులు రెంటికీ బిట్టు బిట్టుగా నకళ్లు తీశాడు. ఈసారి అసలువాటిని ముట్టుకోకుండా పక్కన పెట్టాడు. జాగ్రత్త ఇప్పుడు మాత్రం బాగా వచ్చింది.

ఫైలు ఖాళీ అయిందంటే అందులోని మాటలు ఆ క్షణమే చెరిగిపోవు. అవి ఉన్న చోటు ఖాళీ అని మాత్రమే డిస్కు రాసుకుంటుంది. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేదాకా పాత అక్షరాలు అక్కడే పడి ఉంటాయి, ఏ ఫైలువో తెలియకుండా, ముందూ వెనకా లేకుండా. వాటిని ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికి ఏరుకోవాలి. ఏరినకొద్దీ దొరికాయి. 'ఆకుమడి' పక్కన 'బోదె', దాని కింద సగం తెగిన 'కళ్లం', మళ్లీ 'ఆకుమడి' పాత అర్థంతో. ఒకే మాట నాలుగు రకాలుగా దొరికితే ఏది చివరిదో పోల్చుకోవాలి. తల ప్రాణం తోకకి వచ్చేది.

రోజూ పదకొండింటికి కామేశ్వరమ్మ ఫోను చేసేది. "ఏమన్నా దొరికాయా నాయనా?" అని అడిగేది. "దొరుకుతున్నాయండి" అనేవాడు. "అయితే మీ మాస్టారికి చెప్పనా?" అనేది. "ఇంకా పూర్తిగా తేలలేదు పిన్నిగారూ, రెండ్రోజులాగండి" అని నీళ్లు నమిలేవాడు.

నాలుగో రోజు రేపల్లె వెళ్లాడు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోగుల చీటీలన్నీ ఇతను పెట్టిన మిషన్లోనే ఉంటాయి. వేగం కోసం దానికీ అదే వైద్యం చేసి ఉన్నాడు. ఎవరూ పిలవకపోయినా బస్సెక్కి వెళ్లి, ఆ రెండు మార్పులూ తీసేసి, వారం రోజుల నకళ్లు విడివిడిగా ఉండేలా ఏర్పాటు చేశాడు. కౌంటర్లో కూర్చునే పున్నారావు కాసేపు చూసి మొహం చిట్లించాడు.

"ఏంటి ఫయాజ్ అన్నా, బాగా నడిచేదాన్ని నిదానం చేశావు? పేషెంట్లు నా నెత్తినెక్కుతారు."

"నిదానమైనా పర్వాలేదు తమ్ముడూ. కరెంటు పోతే చీటీలు పోకూడదు కదా?"

"అంటే ఇన్నాళ్లూ పోయేవా?"

ఫయాజ్ స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టుకున్నాడు. "పోలేదు కదా" అన్నాడు.

తిరుగు బస్సు చెరుకుపల్లి దగ్గర అరగంట ఆగిపోయింది. జనం దిగి టీలు తాగుతున్నారు. ఇతను సీట్లోనే కూర్చున్నాడు. ముక్కూ మొహం తెలియని రోగుల కోసం, ఇంకా జరగని నష్టం కోసం, ఇంత దూరం పరుగెత్తుకొచ్చాడు. జరిగిన నష్టానికి మాత్రం ఇంకో మనిషిని జవాబుదారీ చేసి ఊరుకున్నాడు. తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ అసహ్యం తెనాలి చేరేదాకా ఉండి, దిగాక పనిలో పడి తగ్గిపోయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళితే, భార్య షబానా పళ్లెం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమె అలా కూర్చుందంటే ఏదో ఉందన్నమాట.

"బాపట్ల పిన్నిగారు ఫోన్ చేశారు. మీ సెల్లు కలవలేదంట, ఇంటికి చేశారు."

"ఏమన్నారు?"

"మాస్టారు ఆవిడతో మాట్లాడటం లేదంట. దసరా మర్నాటి నుంచీ. అన్నం పెడితే తింటారంట, మంచినీళ్లిస్తే తాగుతారంట. మాట మాత్రం లేదు. ఇన్ని రోజులు సాగడం నలభై రెండేళ్ల కాపురంలో ఇదే మొదటిసారంట." షబానా గొంతు తగ్గించింది. "నా చేతులతో నేనే ఆయన కళ్లు రెండోసారి తీసేశానమ్మా అని ఏడ్చారు. నాకేం చెప్పాలో తోచలేదు."

ఫయాజ్ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు.

"ఆవిడ స్విచ్ ఆపినందుకేనా పోయింది?" అని అడిగింది షబానా.

"అందుకు కూడా."

"ఇంకెందుకు?"

చెప్పాడు. రంజాన్ మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి చెప్పాడు. ఆమెకి డిస్కుల గురించి ఏమీ తెలియదు గానీ, కథ సాంతం అర్థమైంది. ఇఫ్తార్‌కి తెచ్చిన అరటిపళ్లు ఎవరిచ్చారో కూడా గుర్తొచ్చినట్టుంది.

"ఇదంతా ఆవిడకి చెప్పారా?"

"మొత్తం దొరికాక చెబుదామని."

"మొత్తం దొరుకుతాయా?"

దొరకవు. ఆ సంగతి ముందురోజే తేలిపోయింది. పద్నాలుగు వేల పైచిలుకు మాటలు బయటపడ్డాయి. 'త' నుంచి 'న' దాకా ఉన్న నాలుగు వేలు మాత్రం ఎక్కడా లేవు. ఆ చోట్ల మిషను తన సొంత గొడవలేవో రాసేసుకుంది. రెండో డిస్కులోనూ అదే వరస. ఆ నాలుగు వేల మాటలూ ఇప్పుడు లోకంలో ఒక్క చోటే ఉన్నాయి, మాస్టారి తలలో. అవి బయటికి రావాలంటే ఆయన నోరు తెరిచి భార్యకి చెప్పాలి. ఆయనేమో ఆవిడతో మాట్లాడటం లేదు.

"ఆవిడ తొమ్మిది రోజులుగా మోస్తున్నారు," అంది షబానా పళ్లెం తీస్తూ. "అందులో మీ వాటా ఎంతో మీకే తెలుసు."

ఆ మాట తరవాత కూడా అతను వెంటనే బయల్దేరలేదు. దొరికినవాటిని వరస పెట్టాలన్నాడు, అచ్చు తీయించాలన్నాడు, చేతిలో ఏదో ఒకటి లేకుండా ఎలా వెళ్లేదన్నాడు. అన్నీ సాకులే. బ్రహ్మానందం గారి ప్రెస్సులో పద్నాలుగు వేల మాటలూ అచ్చు తీయించి, మూడు కట్టలుగా కుట్టించి, పదకొండో రోజున బాపట్ల బండెక్కాడు.

మేడ మెట్లెక్కుతుంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ ఇంట్లో ఎప్పుడు అడుగుపెట్టినా మాస్టారు చెబుతూ ఉండటమో, ఆవిడ తిరిగి చదివి వినిపిస్తూ ఉండటమో వినపడేది. ఇవాళ ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది. కామేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చింది. పది రోజుల్లో మనిషి చిక్కిపోయింది. ఫయాజ్ చేతిలో కట్టలు చూసి ఆవిడ కళ్లలో ఆశ మెదిలింది. ఆ ఆశ చూడలేక అతను తల దించుకున్నాడు.

డిస్కులు బిగించాడు. పాత కట్టుదిట్టమంతా మళ్లీ పెట్టాడు. కట్టలు మాస్టారి ఒళ్లో ఉంచాడు. ఆయన వేళ్లతో తడిమి, మందం కొలిచాడు.

"ఎన్ని?"

"పద్నాలుగు వేల మూడొందలండి. 'త' నుంచి 'న' దాకా దొరకలేదు మాస్టారూ. ఇక దొరకవు."

మాస్టారు తల పంకించాడు. గోడ వైపు తిరగబోయాడు.

"ఇంకో మాటుంది మాస్టారూ." కూర్చుని చెప్పాలో నిలబడి చెప్పాలో తెలియక, ఫయాజ్ కుర్చీ వీపు పట్టుకుని చెప్పేశాడు. "ఇది పిన్నిగారి వల్ల పోలేదండి. నా వల్ల పోయింది. మీరు తొందరగా నడిపించమన్నారు కదా, రంజాన్ నెల్లో. సేవ్ నొక్కినా పది నిమిషాల దాకా రాయకుండా నేనే మార్చాను. మార్చానని మీకు చెప్పలేదు. పాత పద్ధతిలో ఉంటే పిన్నిగారు స్విచ్ ఆపినా ఏమీ అయ్యేది కాదు. పోయిన దసరాలకి అందుకే ఏమీ కాలేదు. రెండో డిస్కులోది కూడా నేను రాసిపెట్టిన దాని వల్లే తుడిచిపెట్టుకుపోయింది. పిన్నిగారి తప్పు ఇందులో ఏమీ లేదండి."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. మాస్టారు ఒక నిట్టూర్పు విడిచాడు. గుండె మీది బరువు దిగిన నిట్టూర్పే అది, దాచుకోను కూడా లేదు. మసక కళ్లు భార్య ఉన్న వైపు తిప్పాడు.

"కామేశ్వరీ," అన్నాడు. పదకొండు రోజుల తరవాత మొదటి మాట. "విన్నావా? తకారం నుంచి నకారం దాకానేనట. నాకన్నీ గుర్తున్నాయి. రా, కూర్చో. మొదలుపెడదాం."

అంతే. మధ్యలో ఏమీ జరగనట్టు, నిన్న సాయంత్రం ఆపిన పని ఇవాళ పొద్దున అందుకుంటున్నట్టు. ఆయన గొంతులో పాత హుషారు కూడా వచ్చేసింది. ఫయాజ్‌కి కూడా, సిగ్గులేకుండా, కాస్త ఊపిరాడింది. గండం గడిచినట్టే అనుకున్నాడు.

కామేశ్వరమ్మ కదల్లేదు.

"నీకెప్పుడు తెలిసింది నాయనా?" అని అడిగింది.

"ఏంటండీ?"

"నా వల్ల కాదని."

అబద్ధం ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. నిన్ననే అనొచ్చు. డిస్కులు వెతికితే గానీ తేలలేదండి అనొచ్చు. ఆవిడ నమ్ముతుంది కూడా. కానీ ఎందుకో అతనికి ఆ ఓపిక కూడా లేకపోయింది.

"మొదటి రోజే పిన్నిగారూ. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే."

ఆవిడ తల ఊపింది, కూరగాయల ధర విన్నట్టు. కోపం లేదు, కన్నీళ్లూ లేవు. ఉన్నవన్నీ ఈ పదకొండు రోజుల్లో అయిపోయినట్టున్నాయి. లోపలి గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు తీసిన చప్పుడైంది, మూసిన చప్పుడైంది. మాస్టారు తనలో తను ఏవో మాటలు లెక్కపెట్టుకుంటున్నాడు. వినడానికి చెవులు బాగానే ఉన్న మనిషి, ఆ చప్పుళ్లు మాత్రం ఆయనకి వినపడలేదు.

కామేశ్వరమ్మ బయటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బుట్ట, పైన మడతపెట్టిన చీర ఒకటి. చెప్పులు వేసుకుంది.

"అన్నం వండి ఉంచాను. పులుసు చిన్న గిన్నెలో ఉంది, చల్లారింది, వెచ్చబెట్టుకోండి," అంది భర్తతో.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టారు, ఇంకా సగం ధ్యాస మాటల మీదే ఉండి.

"రేపల్లె. దుర్గ దగ్గరికి."

"ఇప్పుడా? ఇక్కడ నాలుగు వేల మాటలు..."

"పోయిన మాటలు మీకు గుర్తున్నాయంటున్నారుగా. చెప్పుకోండి." గొంతు పెంచకుండానే ఆవిడ ఫయాజ్ వైపు తిరిగింది. "ఆయన మాట్లాడరు, నువ్వు చెప్పవు. ఇద్దరికీ నేను అక్కర్లేకపోయాను పదకొండు రోజులు. ఇంకో నాలుగు రోజులు అక్కర్లేకుండా ఉండలేరా?"

ఫయాజ్ ఏదో అనబోయాడు. క్షమించండి అన్న మాట అప్పటిదాకా తను అనలేదని అప్పుడే తట్టింది. ఇప్పుడంటే దాని విలువేంటో తెలియక ఆగిపోయాడు.

"నాయనా ఫయాజ్," అంది ఆవిడ గుమ్మం దగ్గర ఆగి. "ఆ కుర్చీలో నువ్వు కూర్చో. మీ మాస్టారు చెబుతారు, నువ్వు కొట్టు. ఒకటికి రెండుసార్లు అడిగితే విసుక్కుంటారు. పట్టించుకోకు."

మెట్లు దిగిన చప్పుడు, గేటు తీసిన చప్పుడు. వీధిలో రిక్షాని పిలిచిన ఆవిడ గొంతు.

ఫయాజ్ కూర్చున్నాడు. ఆవిడ వాడకానికి అరిగి, మధ్యలో గుంటపడిన కుర్చీ అది. తెలుగు అక్షరాలు ఏ మీట మీద ఉన్నాయో అతనికి సరిగ్గా తెలియదు. ఇన్నేళ్లుగా ఈ మిషన్ని ఎన్నోసార్లు విప్పాడు, బిగించాడు, ఇందులో తెలుగులో ఒక్క మాట కొట్టలేదు.

"తట్ట," అన్నాడు మాస్టారు. "మట్టీ, పెంటా మొయ్యడానికి వెదురుతో అల్లింది. కొట్టావా?"

వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒక్కో అక్షరం కొట్టాడు. సేవ్ నొక్కి, పదిహేను సెకన్లు కూర్చున్నాడు.

"అయిందా?"

"అవుతోందండి."

మాస్టారు ఆగాడు. తరవాతి మాట చెప్పలేదు. కాసేపటికి, ఇంకెవరో అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"బస్సెక్కేసి ఉంటుందా?"

"ఎక్కేసి ఉంటారండి."

"ఎప్పుడొస్తానందో విన్నావా?"

"నాలుగు రోజులన్నారు గానీ, వస్తానని అనలేదండి."

మాస్టారు పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. ఒళ్లోంచి ఒక కట్ట జారి కింద పడింది. వంగి తీసుకోబోయి, ఎక్కడుందో కనపడక చేత్తో నేలంతా తడిమాడు. ఫయాజ్ లేచి అందించాడు.

"నువ్వు మొదటి రోజే చెప్పి ఉంటే," అన్నాడు మాస్టారు, మళ్లీ తనే అందుకుని, "నేను మాట్లాడి ఉండేవాణ్నే అని నీ మీదికి నెట్టెయ్యాలని ఉందయ్యా. నెట్టలేకపోతున్నాను. స్విచ్ నిజంగా ఆవిడ తప్పే అయినా, నేను మాట్లాడి ఉండాల్సింది."

సేవ్ ఎప్పుడో అయిపోయింది. తరవాతి మాట కోసం ఇద్దరూ కూర్చున్నారు.